ఉప్పుబావి నీటి పరీక్ష: నికర అయానిక సమీకరణంలో ఆవేశాలు ఎందుకు సరిపోలేదు?

రాజోలు దగ్గరి ఉప్పుబావి నీటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం కలిపితే తెల్లని అవక్షేపం (నీటిలో కరగని ఘనపదార్థం) వచ్చిందనీ, ఆ నీటిలోని మెగ్నీషియం క్లోరైడ్‌తో జరిగే చర్యకు నికర అయానిక సమీకరణం (చర్యలో నిజంగా పాల్గొనే అయాన్లను, అంటే ఆవేశమున్న కణాలను, మాత్రమే చూపే సమీకరణం) రాస్తే ఆవేశాలు సరిపోవడం లేదనీ అడిగారు. మీరు రెండు క్లోరిన్ పరమాణువులను కలిపి ఒకే అయాన్‌గా రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. మెగ్నీషియం క్లోరైడ్ ఫార్ములా MgCl₂లో క్లోరిన్ కింద ఉన్న 2, ఒక్కో మెగ్నీషియం అయాన్‌కు రెండు క్లోరైడ్ అయాన్లు ఉన్నాయని మాత్రమే చెబుతుంది. నీటిలో అవి విడివిడిగా, ఒక్కోదానిపై ఒక్క రుణావేశంతో ఉంటాయి కాబట్టి, విడగొట్టేటప్పుడు ఆ 2 గుణకంగా ముందుకు రావాలి. నైట్రేట్‌ను మాత్రం విడగొట్టకండి, అది మొత్తం ఒకే అయాన్.

రెండు క్లోరైడ్ అయాన్లకు రెండు సిల్వర్ నైట్రేట్‌లు కావాలి కాబట్టి, ఇప్పుడు ఎడమవైపు రెండు సిల్వర్, రెండు నైట్రేట్, ఒక మెగ్నీషియం, రెండు క్లోరైడ్ అయాన్లు ఉంటాయి. కుడివైపు సిల్వర్ క్లోరైడ్ దాదాపు కరగదు కనుక దాన్ని ఘనపదార్థంగానే రాయాలి. దాన్ని కూడా అయాన్లుగా విడగొడితే అన్నీ కొట్టుకుపోయి సమీకరణమే మిగలదు. రెండువైపులా మార్పు లేకుండా ఉన్న మెగ్నీషియం, నైట్రేట్ అయాన్లను కొట్టివేసి, మిగిలిన గుణకాలను 2తో భాగిస్తే, ఒక సిల్వర్ అయాన్, ఒక క్లోరైడ్ అయాన్ కలిసి ఒక సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుందని వస్తుంది. ఆవేశం రెండువైపులా సున్నాయే. ఆ నీటిలోని సోడియం క్లోరైడ్‌కు రాసినా అచ్చంగా ఇదే సమీకరణం వస్తుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా అందంగా తోచే విషయం ఇదే.