ప్రశ్న – జవాబు: అమెరికా మంత్రుల్లో ముందుగా వెళ్లేదెవరు?

ప్రశ్న: అమెరికాలో కొత్త అధ్యక్షుడు రాగానే ఏ మంత్రి ముందుగా పదవి వదులుతారో అంచనా వేయవచ్చా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: పేరు చెప్పడం కష్టం, సమయం చెప్పడం కొంత తేలిక. మీ జిల్లా పులివెందుల నుంచి గెలిచి 2019లో ముఖ్యమంత్రి అయిన జగన్‌మోహన్ రెడ్డి, రెండున్నరేళ్ల తర్వాత ఎక్కువమంది మంత్రులను మారుస్తానని మొదట్లోనే చెప్పారు. 2022 ఏప్రిల్‌లో ఆ మార్పు జరిగింది.

అమెరికాలో అలాంటి గడువు ఉండదు. అక్కడి 15 శాఖల అధిపతులు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులుగా కొనసాగరాదు. వారి నియామకానికి ఎగువ సభ అయిన సెనేట్ ఆమోదం తప్పనిసరి అయినా, తొలగించడానికి అధ్యక్షుడి మాట ఒక్కటే చాలు. సొంత నియోజకవర్గమంటూ ఆసరా లేని మంత్రికి అధ్యక్షుడి నమ్మకం పోతే నిలిచే దారి ఉండదన్నదే నా దృష్టిలో అసలు కీలకం.

ట్రంప్ తొలి పాలనలో ఆరోగ్య మంత్రి టామ్ ప్రైస్ ఖరీదైన అద్దె విమాన ప్రయాణాల వివాదంతో 2017 సెప్టెంబరులోనే తప్పుకున్నారు. అధ్యక్షుడితో విధానాల్లో విభేదించిన విదేశాంగ మంత్రి టిల్లర్సన్ 2018 మార్చిలో ఉద్వాసనకు గురయ్యారు. బైడెన్ హయాంలో మాత్రం శాఖాధిపతుల్లో మొదటి నిష్క్రమణ, కార్మిక మంత్రి మార్టీ వాల్ష్‌ది, 2023 మార్చి వరకు జరగలేదు. కాబట్టి అధ్యక్షుడి స్వభావాన్ని ముందు గమనించండి. ఆ తర్వాత రెండో ఏటి నవంబరులో జరిగే మధ్యంతర ఎన్నికలపై (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలు) కన్నేయండి: 2018లో ఆ ఎన్నికల మర్నాడే అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) జెఫ్ సెషన్స్ రాజీనామా చేయవలసి వచ్చింది.