రెండు తరగతులు ముందున్న పిల్లాణ్ణి పై తరగతిలో వెయ్యొచ్చా?

మీరు చదివిన కథలో తల్లి ఉద్యోగం మానేసి, లెక్కల్లో చురుకైన కొడుకుని పోటీలన్నిటికీ తిప్పుతుంది. మీ బాబుకి ఆరున్నరేళ్లు, చదివేది రెండో తరగతి, చేసేది నాలుగో తరగతి లెక్కలు. మీరు పదో తరగతితో చదువు ఆపేశారు. ఆమెలా చెయ్యలేకపోతే వాడికి అన్యాయమా, వచ్చే ఏడాది నేరుగా నాలుగులో కూర్చోబెట్టనా అని అడిగారు. ప్రైమరీ పిల్లలకి పాఠాలు చెప్పే అనుభవంతో రాస్తున్నాను.

నాలుగులో వెయ్యొద్దమ్మా. మీది ఆత్మకూరు వైపు పల్లె అంటున్నారు, మర్రిపాడు మండలం కృష్ణాపురంలో నవోదయ అనే కేంద్ర ప్రభుత్వ బడి ఉంది. ఆరో తరగతి నుంచి చదువు, తిండి, హాస్టలు అన్నీ అక్కడే. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. కానీ 3, 4, 5 తరగతులు ఒక్కోటి పూర్తి ఏడాది చదివి ఉండాలి. వయసుకీ హద్దుంది: 2026 ప్రవేశానికి 2014 మే 1 నుంచి 2016 జులై 31 లోపు పుట్టినవాళ్లే అర్హులు. మూడు ఎగ్గొట్టి తొమ్మిదేళ్లకే ఆరుకి చేరినవాడు ఎంత చురుకైనా దరఖాస్తే పెట్టలేడు. ప్రవేశ పరీక్ష రాసేది ఒక్కసారే. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మల తర్కానికే, లెక్కలకి 25, భాషకి 25. తెలుగులోనే రాయొచ్చు. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలు బొమ్మల దగ్గర తడబడటం మామూలే. ఆ సాధన నాలుగో తరగతి నుంచి చాలు.

ఇప్పుడు కావాల్సింది పై తరగతి పుస్తకం కాదు, అదే లెక్కలో లోతు. మన నెల్లూరులో వడ్లు కొలిచే పుట్టి 850 కిలోలు కదా. ఎకరాకి మూడు పుట్లు పండితే 75 కిలోల బస్తాలు ఎన్ని? 34. అంతటితో వదలకండి. బస్తాకి కిలో తరుగు తీస్తే మిగిలేదెంత? ఇంకో దారిలో చేసి చూపించు. ఇలాంటిదే నువ్వొకటి తయారుచేసి నన్నడుగు. ఈ ప్రశ్నలు వెయ్యడానికి మీకు పెద్ద చదువు అక్కర్లేదు. జవాబు మీకు తెలియకపోతే మరీ మంచిది, వాడు విడమరిచి చెప్పాల్సి వస్తుంది.

పదికి పదీ చేసేస్తుంటే లెక్కలు తేలికైపోయాయని అర్థం. ఆరేడు వచ్చి మూడింటి దగ్గర బుర్ర గోక్కోవాలి. రోజూ ఒక్కటైనా పది నిమిషాలు పట్టే లెక్క ఉండాలి. అన్నీ ఇట్టే వచ్చేసిన పిల్లలకి ఐదో ఆరో తరగతిలో మొదటిసారి రాని లెక్క ఎదురవగానే ఏడుపొస్తుంది, పుస్తకం మూసేస్తారు. 'తెలివిగలవాణ్ణి కాదేమో' అన్న భయం అది. చుట్టాలొచ్చినప్పుడు 'ఏదీ, పదిహేడో ఎక్కం చెప్పు' అని నిలబెడితే ఆ భయం ఇంకా ముదురుతుంది. నన్నడిగితే కథలో ఆ తల్లి చేసిన పొరపాటూ అదే.

రాత బాలేదని టీచరు అన్నారా? ఈ వయసులో బుర్ర పరిగెత్తినంత వేగంగా చెయ్యి కదలదు. లెక్కలు నోటితో చెప్పించుకుని, రాత విడిగా రోజుకి ఐదారు వరుసలు రాయించండి. బళ్లో 'మావాడికి మీ పాఠం తేలిక' అనొద్దు. పని ముగిశాక కథల పుస్తకం చదువుకోనివ్వమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. నిద్ర మాత్రం తొమ్మిది గంటలకి తగ్గొద్దు.

నవోదయ రాకపోయినా, ప్రభుత్వ బడిలోనే ఉంటే ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి.

ఈలోగా బడి రిజిస్టరులో, ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి, ఐదో తరగతిలో దరఖాస్తు ముంగిట పరుగులు పెట్టే పని ఉండదు.