రాణి ‘పరమపదించారు’ అనవచ్చునా?

సందేహం: 2022లో బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ గురించి సంతాప వ్యాసం రాస్తూ ‘రాణి పరమపదించారు’ అన్నాను. అది తప్పని ఒక మిత్రుడు అన్నారు. అంతటి రాణిని ‘మరణించారు’ అనడం మర్యాదగా ఉంటుందా?

సమాధానం: మీ మిత్రుని ఆక్షేపణ సబబైనదే. పరమపదం అంటే వైష్ణవుల పరిభాషలో విష్ణువు నివాసమైన వైకుంఠం. పరమపదసోపాన పటం మీద పాముల నోట పడుతూ, నిచ్చెనలెక్కుతూ ఆడుకున్నవారికి పై వరుసలో చేరవలసిన చోటు ఏదో గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్ చర్చికి అధినేత్రిగా ఉన్న వ్యక్తిని ఆ చోటికి పంపడం భక్తితో చేసిన పొరపాటే గానీ, పొరపాటే. శివైక్యం, లింగైక్యం కూడా ఇలా ఒక్కొక్క మతానికి కట్టుబడిన మాటలే. తెలుగు క్రైస్తవులకు ‘ప్రభువునందు నిద్రించారు’ అనే చక్కని పలుకుబడి ఉంది, కాని అది సంఘంలోని వారు తమవారి గురించి చెప్పుకొనే మాట కనుక పత్రికా వ్యాసంలో అంతగా ఇమడదు.

పాలకుల మరణాన్ని మతపరిభాషలో చెప్పడం మనకు కొత్త కాదు. నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన 1289 నాటి శాసనం కాకతి రుద్రమదేవి శివలోకానికి ‘విచ్చేసిన’ట్లు చెబుతుంది. పెద్దలు మన ఇంటికి వచ్చినప్పుడు వాడే గౌరవపదాన్ని వారు లోకం విడిచి వెళ్ళినప్పుడు వాడడం ఎంత అందంగా ఉందో చూడండి. అయితే కాకతీయులు శైవులు, దానం అందుకున్నది సోమనాథదేవుడు కనుక అక్కడ ‘శివలోకం’ అతికినట్లు సరిపోయింది.

ఇక ‘మరణించారు’ విషయం. ఆ రోజు బకింగ్‌హామ్ రాజభవనం విడుదల చేసిన ప్రకటన రెండే వాక్యాలు: రాణి ఈ మధ్యాహ్నం బాల్మోరల్‌లో ప్రశాంతంగా మరణించారని ఒకటి, రాజు, రాజపత్ని ఆ రాత్రికి అక్కడే ఉండి మరునాడు లండన్‌కు తిరిగి వస్తారని మరొకటి. ఇంగ్లీషులోనూ మెత్తని మాటలకు కొరత లేదు, అయినా రాజభవనం వారు అందరికీ వాడే క్రియనే వాడారు. మనకైతే ఆ మొహమాటం అసలే అక్కరలేదు, ఎందుకంటే తెలుగులో గౌరవం ధాతువులో కాక ప్రత్యయంలో ఉంటుంది. ‘మరణించింది’కీ ‘మరణించారు’కీ ఉన్న తేడాయే ఆ మర్యాద. ఇంకొంచెం మెత్తగా ఉండాలనుకుంటే ‘కన్నుమూశారు’, ‘తుదిశ్వాస విడిచారు’ ఉన్నాయి. ‘కాలం చేశారు’ అన్నది ఇంటి పెద్దల విషయంలో నిండుగా వినిపిస్తుంది. ‘దివంగతులయ్యారు’ అనడంలోనూ దోషం లేదు. ‘స్వర్గస్తులు’ అని మాత్రం రాయకండి. స్వర్గంలో ఉన్నవారు స్వర్గస్థులు, ఒత్తు థకారం ఉండాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ వ్యాసం మొదటి వాక్యంలో ‘రాణి సాయంత్రం 6.30 గంటలకు మరణించినట్లు రాజభవనం ప్రకటించింది’ అని ఉంది. తెలుగులో కాలాన్ని చెప్పే మాట తనకు దగ్గరగా ఉన్న క్రియను పట్టుకుంటుంది కనుక, ఈ వాక్యం చదివినవారు రాణి ఆరున్నరకే మరణించారని అర్థం చేసుకుంటారు. ఆమె మరణించినది 2022 సెప్టెంబరు 8న మధ్యాహ్నం 3.10 గంటలకని స్కాట్లండ్ మరణ నమోదు పత్రంలో ఉంది. ఆరున్నర అన్నది లోకానికి తెలియజేసిన వేళ, మనకు అప్పుడు రాత్రి పదకొండు. చందుపట్ల శాసనంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. అందులోని తేదీ శాసనానిది, దాన్ని రుద్రమ మరణించిన రోజుగా రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ వాక్యంలో కాలాన్ని జరిపి, ‘రాణి మరణించినట్లు రాజభవనం సాయంత్రం 6.30 గంటలకు ప్రకటించింది’ అని రాయండి.