తొమ్మిదేళ్ల ఫుట్‌బాల్ పిల్లాడికి రెసిడెన్షియల్ అకాడమీ అవసరమా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ అకాడమీవాళ్లు రోజుకు నాలుగు గంటల ట్రైనింగ్ అంటున్నారు. గొప్ప ఆటగాడు కావాలంటే పదివేల గంటల ప్రాక్టీస్ కావాలట, ఇప్పుడే చేర్చకపోతే అది పూర్తికాదట. వాడేమో సాయంత్రమైతే కాలనీ పిల్లలతో కబడ్డీ, క్రికెట్ అంటూ టైం పాడుచేస్తున్నాడు. అవి మాన్పించాలా? అకాడమీ మంచిదా, ఇక్కడే ఉంచి కోచింగ్ ఇప్పించడం మంచిదా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది అకాడమీ గురించే గానీ, అసలు భయం వేరే అండీ. ‘నేను ఆలస్యం చేయడం వల్లే వాడు వెనకబడ్డాడు’ అన్న మాట రేపు పడాల్సివస్తుందేమోనని. ముందు దానికే చెబుతాను. తొమ్మిదేళ్లకి ఏదీ చేయి దాటిపోలేదు. మీరు ఆలస్యం చేయలేదు.

ఇక ఆ పదివేల గంటలు. ఆ లెక్క 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. వయొలిన్‌లో వాయించాల్సిన స్వరం ముందే రాసి ఉంటుంది, కమానుకి అడ్డుపడేవాడు ఉండడు. ఫుట్‌బాల్‌లో బంతి కాలికి తగిలేలోపే ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవడు మీదికొస్తున్నాడు, పాస్ ఇవ్వాలా, తిరగాలా అన్నది తేల్చుకోవాలి. కాలి పని నేల మీద వరసగా పెట్టే ప్లాస్టిక్ కోన్‌ల మధ్య వస్తుంది. ఈ తేల్చుకోవడం మాత్రం రాదు. ఎందుకంటే కోన్ కదలదు, మోసం చేయదు.

2003లో జోసెఫ్ బేకర్, జాన్ కోటే, బ్రూస్ అబెర్నెతీ అనే క్రీడా పరిశోధకులు ఆస్ట్రేలియా హాకీ, నెట్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడాకారుల బాల్యాన్ని ఆరా తీశారు. మైదానంలో గొప్పగా నిర్ణయాలు తీసుకుంటారని పేరున్నవాళ్లలో, చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడినవాళ్లకి ఆ స్థాయి చేరడానికి సొంత ఆటలో తక్కువ గంటల ప్రాక్టీస్ సరిపోయింది. ఇంగ్లండ్‌లో పాల్ ఫోర్డ్, మార్క్ విలియమ్స్ బృందం 2009లో చూసింది ఇంకోటి. అకాడమీ పిల్లల్లో ప్రొఫెషనల్స్ అయినవాళ్లు 6–12 ఏళ్ల మధ్య కోచ్ లేకుండా సరదాగా ఆడిన ఫుట్‌బాల్ మిగతావాళ్లకన్నా ఎక్కువ. రెండూ కలిపి చదవండి. ఫుట్‌బాల్ పక్కన పెట్టమని కాదు, దాన్ని ఆటగా ఆడనివ్వమని. ఇవన్నీ తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పిన లెక్కలే, కాబట్టి గంటల అంకెలను పట్టుకుని వేలాడొద్దు.

మీరు ‘టైం పాడు’ అన్న కబడ్డీనే చూడండి. రైడర్‌కి 30 సెకన్లు. ఎదురుగా ఏడుగురు. మూలనున్నవాడి బరువు ఏ కాలి మీదుంది, గొలుసు ఎటు మూసుకుంటోంది, బోనస్ గీతకి పోవాలా వెనక్కి రావాలా? ఖో-ఖోలో తరిమేవాడు ఎంచుకున్న దిశ మార్చకూడదు, కాబట్టి ఖో ఎప్పుడివ్వాలన్నదే ఆట. ఖాళీని చూడటం, ఎదుటివాడి ఒంటిని బట్టి ఎటు కదులుతాడో పసిగట్టడం ఫుట్‌బాల్‌కీ కావాలి. కాలనీలో ఇంకో లాభముంది. నలుగురే వస్తే నలుగురితో, గ్రౌండ్ చిన్నదైతే చిన్నదాంట్లో, పెద్దపిల్లలుంటే వాళ్లని తప్పించుకుంటూ ఆడాలి. రోజుకో కొత్త లెక్క.

రెసిడెన్షియల్ అకాడమీల మీద నా అనుమానం ఇక్కడే. అన్నీ చెడ్డవని అనను. కానీ ఇరవైమంది పిల్లలు ఒకే లైన్లో నిలబడి వంతుకోసం చూస్తే, గంటలో ఒక్కొక్కడికి బంతి అందేది కొద్ది నిమిషాలే. పైగా టోర్నమెంట్ కప్పు కావాలి గనక ఎత్తైన పిల్లాణ్ని ముందు పెట్టి పొడుగు బంతులు కొట్టిస్తారు. పన్నెండేళ్లకి గెలుస్తారు. పదహారుకి అందరూ ఎదిగాక వాడి దగ్గర వేరే ఉపాయం ఉండదు. దెబ్బల సంగతీ ఉంది. క్రీడా వైద్యుడు నీరూ జయంతి బృందం అమెరికాలో చూసినదాని ప్రకారం, కోచింగ్ ఆట వారానికి పిల్లాడి వయసుకన్నా ఎక్కువ గంటలైతే, లేదా సరదా ఆటకు రెట్టింపు దాటితే గాయాల ముప్పు ఎక్కువ. తొమ్మిదేళ్లవాడికి వారానికి తొమ్మిది గంటలు. వాళ్లు చెప్పేది రోజుకి నాలుగు!

ఒక మాట కటువుగానే అంటాను. మ్యాచ్‌లో గీత పక్కన నిలబడి ‘పాస్ ఇవ్వరా, కొట్టరా’ అని అరిచే తండ్రుల్లో మీరూ ఉంటే, ఇవాళే ఆపండి. మీరు అరిచిన ప్రతిసారీ వాడు చేయాల్సిన నిర్ణయం మీరు చేస్తున్నారు. పిల్లాడు మైదానం వైపు కాక మీ మొహం వైపు చూస్తాడు. ఇంటికెళ్తూ బండి మీద తప్పులు ఏకరువు పెట్టడమూ అంతే. అడగాలనిపిస్తే ఒక్కటే అడగండి: ‘అప్పుడు నీకేం కనిపించింది?’

ప్రస్తుతానికి వారానికి మూడు రోజులు, గంటంపావు చొప్పున కోచింగ్ చాలు. కనీసం అన్ని గంటలు కాలనీ ఆట. కబడ్డీగానీ బాస్కెట్‌బాల్‌గానీ ఇంకో ఆట. ఆదివారం నలుగురైదుగురు పిల్లలొస్తే 20 మీటర్లు పొడవు, 15 మీటర్లు వెడల్పు గీసి, రెండు వైపులా రెండేసి చిన్న గోల్స్ పెట్టండి. ఒక గోల్ మూసుకుపోతే రెండోది వెతకడానికి తల ఎత్తక తప్పదు. రెండు జట్లూ సమానంగా లేకపోతే సర్దుబాటు వాళ్లనే చేసుకోనివ్వండి. బెల్జియం కూడా ఇందుకే చిన్నపిల్లలకి ఐదుగురి ఆట, తర్వాత ఎనిమిదిమంది ఆట పెట్టి, పదకొండుగురి ఆటను వెనక్కి నెట్టింది.

పోలిక అడిగారు కాబట్టి: ఇప్పుడు ఇల్లే మేలు. పదమూడు దాటాక, వాడే అడిగితే, అకాడమీ ఆలోచించండి. అప్పుడు గట్టి ప్రాక్టీస్ నిజంగానే కావాలి. ఈలోగా అక్కడి సంగతి తెలుసుకోవాలంటే చెప్పకుండా వెళ్లి ఒక సెషన్ మొత్తం కూర్చోండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, ఎదుటి జట్టు ఉండి ఆడిన నిమిషాలు ఎన్నో, లైన్లో నిలబడ్డవి ఎన్నో రాసుకోండి. సగం కూడా ఆట లేకపోతే అడ్వాన్సు కట్టకుండా తిరిగొచ్చేయండి.