టెక్ సందేహాలు: కామెంట్ తప్పయితే కోడ్ మార్చాలా?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది సార్. బిట్‌కాయిన్‌ను నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్ ‘బిట్‌కాయిన్ కోర్’ సోర్స్ చదువుతుంటే, డిఫికల్టీ (కొత్త బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, తయారుచేయడం ఎంత కష్టంగా ఉండాలో) లెక్క దగ్గర ‘14 రోజులకు సరిపడా కావాలనుకున్నన్ని బ్లాకులు వెనక్కి వెళ్లు’ అన్న అర్థంలో కామెంట్ (కోడ్ పక్కన మనుషుల కోసం రాసే వివరణ) కనిపించింది. కోడేమో 2016 అనే అంకెలో ఒకటి తగ్గించి 2015 బ్లాకులే వెనక్కి వెళ్తోంది. ఇది బగ్గా? సరిచేసి పంపొచ్చా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాగా పట్టారు. బగ్గే, మొదటి నుంచీ ఉన్నదే. మెట్రో పిల్లర్ నంబర్లతో అడ్రస్ చెప్పుకునే ఊరు మనది కదా, పది పిల్లర్ల మధ్య గ్యాపులు తొమ్మిదే. అలాగే 2016 బ్లాకుల మధ్య గ్యాపులు 2015. డిఫికల్టీ ప్రతి 2016 బ్లాకులకోసారి మారుతుంది, బ్లాకుకు పది నిమిషాలు పట్టాలన్నది లక్ష్యం. కొలిచేది 2015 గ్యాపుల సమయం, పోల్చేది మాత్రం 2016 × 10 నిమిషాలతో, అంటే 14 రోజులతో. ఫలితంగా సగటు బ్లాకుకు పది నిమిషాల మీద సుమారు 0.3 సెకను ఎక్కువ పడుతుంది.

అలాగని ఆ ‘మైనస్ ఒకటి’ జోలికి మాత్రం వెళ్లకండి. అది కన్సెన్సస్ కోడ్, అంటే నెట్‌వర్క్‌లో అందరూ ఒకేలా పాటించాల్సిన నియమాల కోడ్. మీరు దిద్దితే మీ నోడ్ (ఈ సాఫ్ట్‌వేర్ నడిపే మీ కంప్యూటర్) లెక్క ఒకటి, మిగతా నెట్‌వర్క్ లెక్క ఇంకొకటి అవుతుంది. అందరూ ఒప్పుకున్న బ్లాకుల్ని మీ నోడ్ తిప్పికొడుతుంది. ఇక్కడ తప్పు కూడా రూలే! ధైర్యంగా మార్చగలిగింది కామెంటే.

నిజానికి ఆ కామెంట్ మరీ అబద్ధమేమీ కాదు, ‘కావాలనుకున్న’ అనే మాట అందులోనే ఉంది. ఒకటి ఎందుకు తగ్గిందో చెప్పదు, అంతే. ఎలా రాయాలో చూడాలంటే అదే సాఫ్ట్‌వేర్‌లో ‘మ్యాక్స్ మనీ’ అనే స్థిరాంకం పైన ఉన్న కామెంట్ చదవండి. ఆ స్థిరాంకం విలువ 2.1 కోట్ల బిట్‌కాయిన్లు. పేరు చూసి మొత్తం సరఫరా అనుకుంటాం. అది కాదు, విలువ హద్దు దాటకుండా చూసే తనిఖీ మాత్రమేనని, అయినా కన్సెన్సస్‌కు కీలకమని ఆ కామెంట్ విప్పి చెబుతుంది.

పంపే ముందు పాత పుల్ రిక్వెస్టులు (మార్పులు చేర్చమని ప్రాజెక్టుకు పంపే అభ్యర్థనలు) వెతకండి, ఇదే ఎవరైనా ముందే పంపి ఉండొచ్చు. శీర్షిక ముందు ‘డాక్’ (doc, డాక్యుమెంటేషన్ మార్పని అర్థం) అని పెట్టండి. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా కదలకూడదు. ప్రయోజనం కనిపించని చిల్లర మార్పుల్ని వెంటనే మూసేయొచ్చని ఆ ప్రాజెక్టు నిబంధనల్లోనే రాసుకున్నారు. రెజ్యూమె కోసం స్పెల్లింగులు దిద్ది పంపే బాపతు వల్లే అనుకుంటా. మీది ఆ కోవలో పడకుండా, పాత వాక్యం చదివినవాళ్లు ఎక్కడ పొరబడతారో రెండు ముక్కల్లో వివరించండి.

ప్రశ్న: కామెంట్లు మారితే నా నోడ్ అప్‌డేట్ చేయాలా?
- అమీర్‌పేట నుంచి

జవాబు: అక్కర్లేదు. కోడ్‌ను కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ కామెంట్లను పక్కన పడేస్తుంది. ఒక్కోసారి లైన్ నంబర్లు జరగడం వల్ల బైనరీ హ్యాష్ (తయారైన ప్రోగ్రామ్ ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మారొచ్చు, కంగారు పడకండి.