బాబు మెడ మీద నలుపు గురించి

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బాబు మెడ వెనక నలుపు ఎంత రుద్దినా పోవడం లేదన్నావు. రుద్దకమ్మా, అది మురికి కాకపోవచ్చు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో ఎక్కువగా ఊరుతున్నప్పుడు చర్మం అలా నల్లబడి మందమవుతుంది. వాడు బరువు ఎక్కువ, పైగా మీ అమ్మకి, నాకు ఇద్దరికీ షుగర్. ముందు పిల్లల డాక్టర్‌కి చూపించి పరగడుపున షుగర్ రక్తపరీక్ష చేయించు. 100 లోపు ఉంటే మామూలే. 126, ఆపైన ఉంటే మళ్లీ పరీక్షించి షుగరో కాదో తేలుస్తారు. మధ్యలో ఉంటే వెనక్కి తిప్పుకునే వీలుంది. టెన్షన్ పడకు, వాయిదా మాత్రం వేయకు.

సర్వీసంతా గ్రౌండ్‌లో పిల్లలతో గడిపినవాణ్ని, నా మాట ముందు ఆట మీదే. కండరాలు కదిలేటప్పుడు రక్తంలోని చక్కెరను వాటంతట అవే లాక్కుంటాయి. ఆ మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. అందుకే ఆదివారం మూడు గంటలు ఆడించడం కన్నా రోజూ గంటసేపు ఆట మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు చెప్పింది. వాకింగ్‌కి తీసుకెళ్లకు, పిల్లలకు విసుగు. క్రికెట్‌లో లావుగా ఉన్నవాణ్ని ఓ మూల నిలబెట్టేస్తారు. కబడ్డీలో అయితే బరువున్నవాణ్ని జట్టువాళ్లే పిలుచుకుంటారు. వాణ్ని కబడ్డీకి పంపు. ట్యూషన్ టైమ్ అడ్డొస్తే ట్యూషనే మార్పించు.

తిండి సంగతికొస్తే, వాడికి వేరే వంట వద్దు. వాడి కంచంలో అన్నం తగ్గించి చెల్లెలి చేతికి బిస్కెట్లు ఇస్తే వాడు చాటుగా తింటాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే తిండి. కూల్‌డ్రింక్ ఇంట్లోకే రానివ్వకు, 250 మి.లీ. కోలాలో దాదాపు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. పాలలో కలిపే పొడి డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదువు. జ్యూస్ బదులు జామకాయ చేతికివ్వు. కూర, పప్పు, గుడ్డు ముందు వడ్డించి, అన్నం తర్వాత పెట్టు. రాగిజావ మంచిదేగానీ, బెల్లం వేసి గ్లాసుల కొద్దీ తాగిస్తే లాభం లేదు. బెల్లమూ చక్కెరే. పస్తులు మాత్రం పెట్టకు, ఎదిగే వయసు. ఎత్తు పెరుగుతూ బరువు అక్కడే ఆగినా చాలాసార్లు సరిపోతుంది. రాత్రి ఫోన్ తీసేసుకుని తొందరగా పడుకోబెట్టు.

చుట్టాల ముందు వాణ్ని లావు అనకు, ఎవర్నీ అననివ్వకు. సిగ్గుపడ్డ పిల్లవాడు గ్రౌండ్‌కి రాడు, అది నేను చాలామందిలో చూశాను.

ఉన్నట్టుండి దాహం పెరిగి, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్తూ చిక్కిపోతుంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు. తిండితో సంబంధం లేకుండా పిల్లలకు వచ్చే టైప్ 1 షుగర్ అయ్యుండొచ్చు, దానికి ఇన్సులిన్ తప్పదు.

రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

మీ మామయ్య