స్కూల్ ఆటోలో పదిమంది: డ్రైవర్‌తో తెగేదాకా లాగకుండా ఏం చేయొచ్చు

మా పిల్లల స్కూల్ ఆటో డ్రైవర్ పదిమందిని ఎక్కిస్తున్నాడు, అడిగితే రావడమే మానేస్తానంటున్నాడు, ఏం చేయాలని అడిగారు కదండీ. ముందు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ రవాణా యాప్‌లో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు చూడండి. అవి దాటిపోయి ఉంటే ఇక బేరాల్లేవు, వేరే బండి చూసుకోవడమే.

అన్నిటికంటే ప్రమాదం డ్రైవర్ పక్క సీటు. అక్కడ పిల్లలుంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, సడన్ బ్రేక్ పడితే వాళ్లు ముందుకే పడతారు. అది రేపటి నుంచే ఆపించండి. తర్వాత టాప్ మీది బ్యాగులు. మూడు చక్రాల బండికి పైన బరువు పెరిగితే మలుపులో ఒరిగిపోతుంది. పిల్లలు రోడ్డు మీదికి జారిపడకుండా కుడివైపు అడ్డంగా రాడ్డు వెల్డింగ్ చేయించాలి, తాడు కడితే సరిపోదు.

అసలు చిక్కు డబ్బు. తలకు 1,000 చొప్పున అతనికి నెలకు 10,000 వస్తోందనుకుందాం. ఐదుగురినే ఎక్కించమంటే సగం పోతుంది, అందుకే బెదిరింపు. రెండు ట్రిప్పులు వేయమని, అదనపు డీజిల్ ఖర్చు పదిళ్లవాళ్లూ పంచుకుంటామని చెప్పండి. మొదటి ట్రిప్పు పిల్లలు ముందే చేరతారు కాబట్టి గేటు ఎప్పుడు తీస్తారో స్కూల్లో కనుక్కోండి.

అప్పటికీ వినకపోతే ఆర్టీఓ ఆఫీసులో రాసివ్వండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194ఏ కింద ఎక్కువైన ఒక్కొక్కరికీ 200 జరిమానా. అదనపు పిల్లల్ని దించి వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆటో కదలనివ్వరు.